మూడో పాటలో ఆగే చోటు

సోమవారం పొద్దున మూడో నంబరు ప్రెస్ నుంచి పరీక్ష గదికి వచ్చిన రికార్డు ఇంకా గోరువెచ్చగానే ఉంది. చెవులక్క దాన్ని రెండు అరచేతుల మధ్య అంచుల దగ్గర పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో ఒకసారి చుట్టూ తుడిచి ప్లేయరు మీద పెట్టింది.

ఆ గదిలో కుర్చీ ఒక్కటే. గోడలకు మందంగా కంబళి గుడ్డ కొట్టారు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వేశారు. బయట ఆరు ప్రెస్సులు ఆవిరి వదులుతూ బుసలు కొడుతున్నా లోపలికి ఊపిరి తీసినంత చప్పుడు కూడా రాదు. పందొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీ ఆవిడదే. ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి యాభైయో రికార్డు ఆవిడ చెవి దాటాకే బయటికి వెళ్ళాలి. ఆవిడకు అసలు పేరొకటి ఉందని హాజరు పట్టీ రాసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆవిడకొక పద్ధతి ఉంది. సూదిని మూడు చోట్ల దించుతుంది. మొదట్లో ఒక నిమిషం, మధ్యలో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం. తర్వాత రికార్డు తిప్పి రెండో వైపూ అంతే. పాట ఏమిటో, ఎవరు పాడారో ఆవిడకు పట్టదు. పాట వినడానికి కాదు, పాట కానిదాన్ని వినడానికి ఆవిడ అక్కడ ఉంది. టక్కుమనే గీత, సరసరలాడే దుమ్ము, చుట్టు తిరిగినప్పుడల్లా వచ్చే మూలుగు. ఒక్కోదానికి ఒక్కో కారణం.

సూది దించింది. రెండు క్షణాలు కాకుండానే హెడ్‌ఫోన్లు లాగేసి చెవులు రుద్దుకుంది.

కొత్త దుప్పటిని ఎవరో రెండు చేతులతో బలంగా, నిలువునా చించుతున్నట్టుంది. సూది కొన చూసుకుంది. శుభ్రంగానే ఉంది. మళ్ళీ దించింది. మళ్ళీ చింపుడే. దాని కిందెక్కడో డ్రమ్ముల మోత, ఒక మగ గొంతు కేకలు. మధ్యలో పెట్టింది, అదే. చివర్లో పెట్టింది, అదే. రెండో వైపు తిప్పితే ఇంకా ఎక్కువ.

లేబుల్ చూసింది. హార్డ్ రాక్ అట. నలుగురి పేర్లు. కింద చిన్న అక్షరాలతో 'మా మొదటి రికార్డు' అని వేసుకున్నారు.

"అయ్యో పాపం, మొదటిదే ఇలా అయిందే" అనుకుంది చెవులక్క, మేకు చేతిలోకి తీసుకుంటూ.

ఆ చప్పుడు ఆవిడకు బాగా తెలుసు. ప్రెస్‌లో ప్లాస్టిక్ ముద్ద సరిగ్గా మెత్తబడకపోయినా, ప్రెస్ నడిపే మనిషి తొందరపడి ముందే ఎత్తేసినా, ప్లాస్టిక్ అచ్చు అడుగు దాకా చేరదు. గాడి సగమే నిండుతుంది. అలాంటి గాడిలో సూది నడిస్తే గుడ్డ చిరిగినట్టే వినపడుతుంది. ఎక్కడో ఒక చుట్టులో రావడం చూసింది గానీ, రెండు వైపులా నిండా రావడం ఇదే మొదలు.

మేకుతో రికార్డు మీద అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీసింది. చీటీ రాసింది.

ప్రెస్ నంబరు: మూడు. లోపం: రెండు వైపులా మొదటి నుంచి చివరి దాకా చిరుగుడు. కారణం: గాడి నిండలేదు.

'పని చేసినవారు' అన్నచోట మాత్రం కలం ఒక్క క్షణం ఆగింది. మూడో ప్రెస్ నడిపేది బాబాయి, ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు. ఆవిడ చేరిన రోజు ఈ గది తలుపు ఎలా మూయాలో చూపించింది ఆయనే. ఇన్నేళ్ళలో ఆయన మీద నాలుగే చీటీలు రాసింది. నాలుగుసార్లూ ఆయన చీటీ చదువుకుని, "దొరికిపోయానమ్మాయ్" అని నవ్వుతూ వెళ్ళాడు. బాబాయి పేరు రాసి చీటీ పుస్తకంలోంచి చింపింది.

ఈసారి ఆయన నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడి చీటీని రెండుసార్లు చదివాడు. రికార్డు చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాడు.

"నిండలేదంటావా?"

"విన్నాను కదా బాబాయ్."

"విన్నావు కదా" అన్నాడాయన కూడా. రికార్డును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చీటీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

*

మంగళవారం చీటీ నోటీసు బోర్డుకెక్కింది. ఎవరి పని మీద చీటీ పడినా, వాళ్ళ పేరు అందరూ టీకి వెళ్ళే దారిలో బోర్డుకు గుచ్చడం అక్కడి పద్ధతి. పేరు ఒకరోజు ఉంటుంది, మర్నాడు తీసేస్తారు. కానీ ఈసారి చీటీ పక్కన మేనేజరు ఇంకో కాగితం గుచ్చాడు. వరస మొత్తం, అంటే అయిదు వందల రికార్డులు, పగలగొట్టి పిండి చెయ్యాలి. మూడో ప్రెస్‌ను ఇకనుంచి వేరే మనిషి నడుపుతాడు. బాబాయి వెనక షెడ్డులో పిండిమర దగ్గర కూర్చుంటాడు.

"వయసు మీద పడింది కదమ్మా, చేతికి పట్టు తప్పింది" అన్నాడు మేనేజరు చెవులక్కతో, ఆవిడేదో అడిగినట్టు. "ఎనిమిది నెలల్లో ఎలాగూ దిగిపోతాడు. మీరు సమయానికి పట్టుకున్నారు."

మెచ్చుకోలే గానీ ఆవిడకు ఎందుకో మింగుడు పడలేదు.

టీ వేళకు ఆ రికార్డు తాలూకు నలుగురూ వచ్చారు. రికార్డులు తీసుకుపోవడానికి అరువు తెచ్చుకున్న వ్యాను, పనివాళ్ళకు పంచడానికి పెద్ద డబ్బా బిస్కెట్లు. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. అందరికంటే పొడుగ్గా ఉన్నవాడు పాడేవాడని చూడగానే తెలుస్తోంది. జుట్టు భుజాలు దాటి ఉంది, నోరు కూడా ఎక్కడా ఆగేలా లేదు.

మేనేజరు గొంతు సవరించుకుని, "చిన్న లోపం వచ్చింది" అని బోర్డు మీది చీటీ చూపించాడు.

పొడుగువాడు దగ్గరికి వెళ్ళి పైకి చదివాడు. "రెండు వైపులా మొదటి నుంచి చివరి దాకా చిరుగుడు." తర్వాత వాడు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని పగలబడి నవ్వాడు. డ్రమ్ములవాడు బిస్కెట్ల డబ్బా మీద దరువెయ్యడం మొదలుపెట్టాడు.

"ఎవరండీ ఇది రాసింది? మేం మూడేళ్ళుగా వాయిస్తున్నాం. మా పాట ఎలా ఉంటుందో ఇంత సూటిగా ఒక్కరూ చెప్పలేదు!"

"మా అమ్మ చెప్పింది కదరా" అన్నాడు డ్రమ్ములవాడు.

"మీ అమ్మ చెప్పింది కాగితం మీద రాయలేం."

చెవులక్క ముఖం ఎర్రబడింది. ఎగతాళి చేస్తున్నారనుకుంది. నలుగురిలో మాట్లాడడం ఆవిడకు రాదు. రోజంతా ఒక్కతే కూర్చుని వినే మనిషికి మాటలు అంత తొందరగా దొరకవు. అయినా చెప్పింది.

"నేనే రాశాను. ఇందులో నవ్వడానికేముంది బాబూ? మీ కష్టమంతా గాడిలో పోయింది."

"పోలేదాంటీ..."

"ఆవిడ ఆంటీ కాదు, చెవులక్క" అని లేబుళ్ళు అతికించే ఒకావిడ వెనకనుంచి సరిదిద్దింది.

"పోలేదక్కా. అది మేం చించిందే." పొడుగువాడు పక్కకు తిరిగాడు. "ఇదిగో, ఈ మహాతల్లి చించింది."

అందరూ ఆ అమ్మాయి వైపు చూశారు. గిటారు వాయించేది ఆ పిల్లేనట. భుజాన వేలాడే సంచి పట్టీని మెలిపెడుతూ నేల చూస్తోంది. ఇంత చప్పుడు ఇంత చిన్న మనిషి చేతిలోంచి వచ్చిందంటే చెవులక్కకు నమ్మబుద్ధి కాలేదు.

"స్పీకరులో కాగితం ఉంటుంది కదక్కా... దాన్ని బ్లేడుతో కోశాను" అంది ఆ పిల్ల, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"కావాలనే?"

"ఊఁ. మొదటి రెండు స్పీకర్లు ఎక్కువ కోసేశాను. మూడోది కుదిరింది."

చుట్టూ నవ్వులు. మేనేజరు చెవులక్క వైపు చూశాడు. ఆవిడ వెనక్కు తగ్గలేదు. స్పీకరు చిరిగితే చిరగనీ, గాడి కూడా నిండలేదు. రెండూ కలిసి ఉన్నాయి. పందొమ్మిదేళ్ళ చెవి అది. అదే చెప్పింది. మేనేజరు తల పంకించి, మా చీటీ అంటే చీటీయే, మళ్ళీ మీ వంతు వచ్చేదాకా నెల ఆగాలన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. శనివారం వాళ్ళ పెద్ద ప్రదర్శన, రికార్డులు అక్కడే ఇద్దామని అందరికీ చెప్పుకున్నారట. పొడుగువాడు మొదటిసారి నోరు మూసుకున్నాడు. బిస్కెట్ల డబ్బా మాత్రం అక్కడే వదిలేసి వ్యాను ఎక్కారు.

ఆ పిల్ల అందరికంటే చివర కదిలింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కు వచ్చింది.

"అక్కా, మూడో పాటలో నేను ఆగుతాను. అది విన్నారా?"

చెవులక్క మనసులో లెక్క చూసుకుంది. మూడో పాట తన మూడు చోట్లలో ఎక్కడా లేదు.

"అది బాగా రావాలని పదకొండుసార్లు వాయించాను" అని ఆ పిల్ల వ్యాను దగ్గరికి పరిగెత్తింది.

*

ఇంట్లో కుట్టుమిషన్లు విప్పి సరిచేయడం భర్త పని. ముందుగది నిండా తలలు తీసేసిన మిషన్లు, నూనె మరకల గుడ్డలు. అత్తగారు కిటికీ పక్కన మంచం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ యోగక్షేమాలన్నీ కనుక్కుంటుంది.

ఆ సాయంత్రం వంటింట్లో పాలు పొంగిపోయాయి. అత్తగారు బుగ్గ మీద వేలేసుకుంది.

"ఏమే, పక్కింటి పాలు పొంగినా ఇక్కడినుంచి కేకేసే దానివి. నీ పొయ్యి మీదివే వినపడలేదా?"

"ఏదో ఆలోచిస్తున్నాను అత్తయ్యా."

"ఆలోచన చెవుల్లోకి కూడా వస్తుందేమిటి! నేను గురక పెడితే ఎన్నోసారి తేడా వచ్చిందో కూడా చెప్పే దానివి."

భర్త మిషను చక్రాన్ని చేత్తో తిప్పుతూ నవ్వాడు. చక్రం తిరిగినప్పుడల్లా లోపల ఏదో కిర్రుమంటోంది. తిప్పడం ఆపాడు. కిర్రు ఆగింది. తిప్పాడు. కిర్రు.

"ఎక్కడుందో చెప్పు చూద్దాం" అన్నాడు. ఆ ఇంట్లో అది పాత ఆట. అతను విప్పకముందే ఆవిడ చెప్పేస్తుంది.

చెవులక్క గుడ్డతో పొయ్యి గట్టు తుడుస్తూ, "నాకు తెలీదు" అంది.

పెళ్ళయ్యాక ఆవిడ నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి. అతను మిషను వదిలేసి లేచి వచ్చాడు. ఒళ్ళు వేడిగా ఉందేమోనని నుదురు ముట్టుకుని చూశాడు.

*

బుధవారం భోజనాల వేళ ఆవిడ డబ్బా తెరవకుండానే వెనక షెడ్డుకు వెళ్ళింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల రికార్డు ఫెళ్ళున పగిలింది.

బాబాయి స్టూలు మీద కూర్చుని, విరిగిన ముక్కలు ఒళ్ళో పెట్టుకుని అరటిపండు తింటున్నాడు.

"నువ్వా? మేనేజరనుకుని ఒకటి దండగ చేశాను కదే!"

"అంటే?"

"అడుగుల చప్పుడు వినపడినప్పుడల్లా ఒకటి పగలగొడుతున్నాను. లేకపోతే పని చెయ్యడం లేదనుకుంటారు." గుడ్డ కప్పిన ఒక గుట్టను కాలితో చూపించాడు. "అదిగో, నాలుగు వందల ఎనభై పైనే ఉన్నాయి. మర తిరుగుతున్నట్టు వినపడాలని రికార్డుల అంచున కోసేసిన ముక్కలు, పాత చెత్త వేస్తున్నాను. నా చేత్తో నేను చేసినవి. చక్కగా నిండిన గాడి, చూస్తూ చూస్తూ ఎలా పిండి చెయ్యను?"

"నిండిందని నీకెలా తెలుసు?"

బాబాయి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ఒక రికార్డు తీశాడు. తలుపు సందులోంచి పడుతున్న ఎండకు పట్టి మెల్లిగా వంచాడు. నల్లటి నేల మీద వెలుగు గీత ఒకటి నడిచింది. ఎక్కడా తెగకుండా, ఎక్కడా మసకబారకుండా ఈ అంచునుంచి ఆ అంచుకు.

"నిండకపోతే ఇక్కడ బూడిద పూసినట్టుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ప్రెస్ పక్కన నిలబడి నా చెవులు సగం పోయాయి. కళ్ళు పోలేదమ్మాయ్."

"మరి సోమవారమే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటావు? ఆవిడ చెవి తప్పదు, ఆవిడ చెవి తప్పదు అని ఈ ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళుగా అందరికీ చెప్పుకు తిరిగింది నేనే. తీరా నా వంతు వచ్చేసరికి మాట మారిస్తే బాగుంటుందా?"

ఆవిడకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన గాభరాపడి, సగం తిన్న అరటిపండు చూపించి, "తింటావా?" అన్నాడు. ఆవిడ నవ్వక తప్పలేదు. రికార్డు చీరకొంగు కింద దాచుకుని పరీక్ష గదికి వచ్చేసింది.

తలుపు మూసింది. సూదిని మొదటి గాడిలో దించి, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి ఎత్తలేదు.

చిరుగుడు మొదలైంది. పళ్ళు బిగించి విన్నది. రెండో పాటకు పళ్ళు బిగించడం మానేసింది. చిరుగుడు ఊరికే రావడం లేదు, డ్రమ్ము దెబ్బ పడ్డ చోట పెద్దదవుతోంది, పాట కిందికి దిగినప్పుడు సన్నగిల్లుతోంది. గాడి లోపానికి డ్రమ్ములతో పని ఏముంది? అయినా ఆవిడ నమ్మలేదు. యాదృచ్ఛికంగా కలిసిందేమో.

మూడో పాట. గిటారు, డ్రమ్ములు, ఆ పొడుగువాడి కేకలు అన్నీ కలిసి ఒక ఎత్తుకెక్కాయి. ఇంకా ఎక్కాయి. ఇంక పైన ఏమీ లేదు అనుకున్నచోట, ఆగిపోయాయి.

ఏమీ లేదు.

చిరుగుడు లేదు, సరసర లేదు, ఒక్క చిటుక్కు కూడా లేదు. తను ఊపిరి బిగబట్టినట్టు అప్పుడు తెలిసింది ఆవిడకు. ఎవరో తీగల మీద అరచెయ్యి వేసి ఆపిన నిశ్శబ్దం అది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంత సేపు. తర్వాత మళ్ళీ అందరూ ఒక్కసారే దూకారు.

ఆవిడ సూది ఎత్తి వెనక్కు పెట్టింది. మళ్ళీ విన్నది. గాడి నిండకపోతే పాట ఆగినా చిరుగుడు ఆగదు. సూది నడుస్తున్నంతసేపూ చిరుగుతూనే ఉంటుంది. దానికి ఆగడం చేతకాదు. ఇక్కడ ఆగింది. ఆ పిల్ల ఆగమన్నచోట ఆగింది.

ఏడుసార్లు విన్నది. తర్వాత రికార్డు తిప్పి, రెండో వైపు మొత్తం, చివరి గాడి దాకా విన్నది. పందొమ్మిదేళ్ళలో ఆవిడ ఒక రికార్డును మొదటినుంచి చివరిదాకా వినడం అదే మొదలు. ఆఖరి పాటకు ఆవిడ కాలు నేల మీద తనంతట తనే ఆడుతోంది. చూసుకుని ఆపేసింది. కాసేపటికి మళ్ళీ ఆడింది.

*

"అంటే రికార్డు బాగుందన్నమాట" అన్నాడు మేనేజరు.

"బాగుంది సార్. నేను సరిగ్గా వినలేదు."

మేనేజరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. షెడ్డులో రికార్డులు మిగిలే ఉన్నాయని విన్నాక ఇంకా తేలిక పడ్డాడు. "మంచిదే. శనివారంలోగా ఇచ్చేద్దాం. మళ్ళీ చూస్తే సరిపోయిందని వాళ్ళకు నేను చెప్తాలెండి. మీరు ఇంక దీని గురించి ఎవరితోనూ అనకండి."

"మరి బాబాయి?"

"ఆయనకేం? కూర్చునే పనే కదా, హాయిగా ఉన్నాడు."

"ఆయన పేరు ఇంకా బోర్డు మీదే ఉంది సార్."

"ఉంటే ఉంది. తీసేస్తాం." గొంతు తగ్గించాడు. "చూడండమ్మా, పరీక్ష గది పొరపాటు పడిందని ఒక్కసారి ఒప్పుకున్నామా, రేపటినుంచి ప్రతి ప్రెస్ వాడూ చీటీ పట్టుకుని మీ గది ముందు వాదనకు నిలబడతాడు. మిమ్మల్ని కాపాడడానికే చెప్తున్నాను."

అది నిజమేనని ఆవిడకు తెలుసు. ఆ గదిలో తనకున్నదల్లా ఆ నమ్మకమే. అయినా అక్కడినుంచి తిన్నగా గుమాస్తా దగ్గరికి వెళ్ళింది.

"చీటీ తప్పని రాయడానికి చీటీ ఏదైనా ఉందా?"

గుమాస్తా సొరుగులన్నీ వెతికాడు. "తప్పు పట్టే చీటీలున్నాయక్కా. తప్పు దిద్దే చీటీ ఎవరూ అచ్చు వేయించలేదు."

మామూలు చీటీయే తీసుకుంది. ప్రెస్ నంబరు అన్నచోట 'పరీక్ష గది' అని రాసింది. లోపం: మూడో నంబరు ప్రెస్ రికార్డుకు తప్పుడు చీటీ. కారణం: పూర్తిగా వినలేదు. పని చేసినవారు అన్నచోట హాజరు పట్టీలో ఉన్న తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో రాసింది. అందరూ ప్రెస్సుల దగ్గర ఉన్నప్పుడు వెళ్ళి బోర్డుకు గుచ్చి, గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది.

గురువారం టీ వేళకు ఆవిడ తలుపు కొద్దిగా తెరిచి విన్నది. బోర్డు ముందు గుంపు.

"ఎవరే ఈవిడ?"

"ఎవరో కొత్తావిడట. పైనుంచి వచ్చిందేమో."

"ఎవరైతేనేం, పాపం మన చెవులక్క చీటీనే తప్పని రాసిందే! ఎంత ధైర్యం!"

"చెవులక్క చూస్తే ఊరుకుంటుందా?"

చెవులక్క తలుపు వెనక నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వొస్తోంది. ఇలాగే వదిలేసినా సరిపోతుంది. రాయాల్సింది రాసింది, పేరు కూడా అబద్ధం కాదు. ఎవరికీ తెలియకుండా ఇదే గదిలో ఇదే కుర్చీలో కూర్చోవచ్చు.

కలం తీసుకుని బయటికి నడిచింది. గుంపు దారి ఇచ్చింది. అందరూ తన చేతివైపే చూస్తుంటే, తన పూర్తి పేరు పక్కన పెద్ద అక్షరాలతో 'అంటే చెవులక్క' అని రాసింది. ఎవరి ముఖమూ చూడకుండా తిరిగి వచ్చేస్తుంటే లేబుళ్ళు అతికించే ఆవిడ గట్టిగా అంది.

"అయ్యో, నీకు ఇంత చక్కటి పేరుందా!"

నవ్వులు మొదలయ్యాయి. అవి ఎగతాళి నవ్వులు కావని ఆవిడ చెవికి వెంటనే తెలిసింది. అంతలో వెనక తలుపులోంచి బాబాయి నాలుగు చక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు. బండి నిండా రికార్డులు. బండి మీద అందరికంటే పైన ఆయన టిఫిను డబ్బా, నీళ్ళ సీసా, మూడో ప్రెస్ దగ్గర తగిలించుకునే తువ్వాలు ఉన్నాయి. ఎవరి అనుమతీ అడగకుండా తిన్నగా వెళ్ళి తువ్వాలు పాత మేకుకు తగిలించాడు. ఆ ప్రెస్ దగ్గరున్న కొత్త మనిషి బతుకుజీవుడా అన్నట్టు పక్కకు తప్పుకున్నాడు. ఆ ప్రెస్ ఆయన చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ వినడం లేదట.

మేనేజరు గది తలుపు తీసి, బోర్డు చూసి, గుంపును చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు మళ్ళీ తలుపు వేసుకున్నాడు.

*

ఆ నలుగురికీ వాళ్ళ రికార్డులు శనివారం అందాయి. అట్ట వెనక పక్క వాళ్ళు 'రెండు వైపులా మొదటి నుంచి చివరి దాకా చిరుగుడు' అని అచ్చు వేయించుకున్నారు, చీటీలో ఉన్నది ఉన్నట్టే. ఒక కాపీ ఆవిడకు పంపారు. అత్తగారు దాన్ని ఒకసారి విని, "ఇది నీ పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడే" అని తేల్చి, ఇంకోసారి పెట్టమంది.

తర్వాత మూడు వారాల్లో దుకాణాల వాళ్ళు ఇంకో వెయ్యి కావాలన్నారు. ఆ తర్వాత ఇంకో వెయ్యి. ఊళ్ళో గిటారున్న ప్రతి పిల్లాడూ స్పీకరు కాగితం కోసుకుంటున్నాడని, బ్లేడు దెబ్బకు పాడైనవాటిని అంటించలేక రేడియో బాగుచేసే వాళ్ళు తల పట్టుకుంటున్నారని పొడుగువాడు రికార్డులు వ్యాను ఎక్కించుకుంటూ గొప్పగా చెప్పాడు. ఆ పిల్ల మాత్రం పరీక్ష గదిలోకి తొంగి చూసి, "విన్నారా?" అంది. "విన్నాను" అంది చెవులక్క. ఆ పిల్ల చెవుల దాకా నవ్వుకుంటూ వెళ్ళింది.

నెలాఖరున వేరే కుర్రాళ్ళ రికార్డు వచ్చింది. వాళ్ళదీ మొదటిదే. బాబాయి స్వయంగా తెచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇదీ అదే రకం. బాగా చిరుగుతోందట. ఇంక నువ్వు వీటి జోలికి రావు కదా, సంతకం పడేయ్. తీసుకుపోతాను."

"వినాలి బాబాయ్."

"విను, విను." ఆయన చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

ఆవిడ సూది మొదటి గాడిలో దించింది. ఇప్పుడు మూడు చోట్ల దించడం లేదు. మొత్తం వింటోంది. అందుకని పని ఇదివరకటికంటే మెల్లిగా సాగుతోంది, మేనేజరు రెండుసార్లు సణిగి ఊరుకున్నాడు. మొదటి పాట చిరిగింది. బాగానే చిరిగింది. కాలు ఆడించింది. రెండో పాట ముగిసి, మూడోది మొదలవడానికి ముందు ఖాళీ వచ్చింది. చెవులక్క కాలు ఆగింది. సూది వెనక్కు పెట్టింది. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నది.

హెడ్‌ఫోన్లు తీసి మెడ చుట్టూ వేసుకుని, ఆయన వైపు తిరిగింది.

"బాబాయ్, పాటలో చిరిగింది వాళ్ళది. ఖాళీలో చిరిగింది నీది. తొందరపడి ఎత్తేశావు."

బాబాయి గబుక్కున రికార్డు లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్ళి ఏటవాలుగా పట్టాడు. చాలాసేపు చూశాడు. ఒక అంచున, వేలి గోరంత మేర, వెలుగు గీత మసకబారింది.

"హమ్మయ్య" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "నీ చెవికేమైనా అయిందేమోనని నెల రోజులుగా భయపడి ఛస్తున్నాను. రాయి, రాయి. నా పేరు కొంచెం పెద్ద అక్షరాలతో రాయి."